మైఎస్‌క్యూఎల్ ఇన్‌స్టలేషన్ పాడైతే డేటా పోకుండా బాగుచేసుకోవడం ఎలా

ఉబుంటులో ఏ ప్యాకేజీ పెట్టబోయినా, దానికీ డేటాబేస్‌కీ ఏ సంబంధం లేకపోయినా, చివర్లో మైఎస్‌క్యూఎల్-సర్వర్ పేరు చెప్పి "సబ్-ప్రాసెస్ డీపీకేజీ రిటర్న్‌డ్ యాన్ ఎర్రర్ కోడ్ (1)" అని ఆగిపోతుంటుంది. సర్వీస్ స్టార్ట్ అవ్వదు, రీఇన్‌స్టాల్ చేస్తే మళ్ళీ అదే ఎర్రర్, తీసేద్దామంటే తీసేయడం కూడా సగంలో ఆగుతుంది. అప్పుడు టెన్షన్‌లో చాలామంది చేసేది ఒకటే: ఎక్కడో దొరికిన నాలుగు లైన్లు కాపీ చేసి, అందులో ఆర్ఎం -ఆర్ఎఫ్ (అడగకుండా డిలీట్ చేసే కమాండ్) ఏ ఫోల్డర్ మీద పడుతుందో కూడా చూడకుండా ఎంటర్ కొట్టేయడం. ఇన్‌స్టలేషన్ ఎలాగోలా బాగవుతుంది, డేటా మాత్రం పోతుంది.

ముందే ఒక మాట. కమాండ్లనీ ఫైల్ పేర్లనీ ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకోండి, ప్రత్యేకంగా చెప్పకపోతే అన్నీ చిన్న అక్షరాలే. ఉదాహరణలన్నీ ఉబుంటు, మైఎస్‌క్యూఎల్ 8.0 ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. డెబియన్ అయితే 2017లో వచ్చిన 9వ వెర్షన్ నుంచి అందులో డిఫాల్ట్‌గా వచ్చేది మరియాడీబీ (మైఎస్‌క్యూఎల్ నుంచి విడిపోయిన డేటాబేస్), కాబట్టి సర్వీస్ పేరు, ప్యాకేజీ పేరు మారతాయి, పద్ధతి మాత్రం దాదాపు ఇదే.

అసలు పాడైంది ఏమిటి

ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే, అందుకే కాస్త సాగదీస్తాను. డీపీకేజీ (ఉబుంటులో ప్యాకేజీలని నిజంగా పెట్టే ప్రోగ్రామ్) ఒక ప్యాకేజీని రెండు దశల్లో పెడుతుంది. మొదట ఫైళ్ళని విప్పి వాటి చోట్లలో పెడుతుంది. తర్వాత ఆ ప్యాకేజీతో వచ్చిన "పోస్ట్‌ఇన్‌స్ట్" అనే స్క్రిప్ట్‌ని నడుపుతుంది. మైఎస్‌క్యూఎల్ విషయంలో ఈ స్క్రిప్ట్ చేసే పనులు తక్కువేం కాదు: డేటా డైరెక్టరీ లేకపోతే తయారుచేస్తుంది, కాన్ఫిగ్ లింకులు సరిచేస్తుంది, చివరికి సర్వర్‌ని స్టార్ట్ చేసి చూస్తుంది. సర్వర్ లేవకపోతే స్క్రిప్ట్ ఫెయిల్ అవుతుంది, స్క్రిప్ట్ ఫెయిల్ అయింది కాబట్టి డీపీకేజీ "ఈ ప్యాకేజీ సగమే కాన్ఫిగర్ అయింది" అని రాసుకుంటుంది, ఆ తర్వాత మీరు ఏ ప్యాకేజీ పెట్టినా ముందు ఈ సగం పనిని పూర్తిచేయబోయి మళ్ళీ అక్కడే ఆగుతుంది.

అంటే ఎక్కువసార్లు ప్యాకేజీకి ఏమీ కాలేదు. సర్వర్ లేవట్లేదు, అంతే. డిస్క్ నిండిపోయి లేవకపోతే మీరు ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా డిస్క్ ఖాళీ అవ్వదు కదా. కాబట్టి ఆప్ట్ (డీపీకేజీని నడిపే ఇన్‌స్టాల్ కమాండ్) చూపించే ఎర్రర్‌ని పట్టుకుని వెతకడం మానేసి, సర్వర్ తన లాగ్‌లో ఏం రాసుకుందో చూడాలి.

ముందు ఏదీ ముట్టుకోకుండా కాపీ

ఇంకేమీ చేయకముందే డేటా డైరెక్టరీని అలాగే కాపీ తీయండి. సర్వర్ లేవనప్పుడు డంప్ (డేటానంతా ఎస్‌క్యూఎల్ కమాండ్లుగా ఒక ఫైల్‌లోకి రాయడం) తీయడం కుదరదు, కాబట్టి ఫైళ్ళనే కాపీ చేయాలి. ముందు సర్వీస్‌ని ఆపండి:

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ మైఎస్‌క్యూఎల్

తర్వాత నిజంగా ఆగిందో లేదో "పీగ్రెప్ -ఎ మైఎస్‌క్యూఎల్‌డీ" తో చూడండి, ఏమీ రాకూడదు. నడుస్తున్న సర్వర్ కింద నుంచి ఫైళ్ళు కాపీ చేస్తే ఆ కాపీ పనికిరాకపోవచ్చు. మైఎస్‌క్యూఎల్ ఆగిందని తేలాక:

సుడో సీపీ -ఎ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ /రూట్/డీబీ-కాపీ
సుడో సీపీ -ఎ /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్ /రూట్/కాన్ఫిగ్-కాపీ
సుడో సీపీ -ఎ /వార్/లాగ్/మైఎస్‌క్యూఎల్ /రూట్/లాగ్-కాపీ

-ఎ ఎందుకంటే ఓనర్, పర్మిషన్లు, టైమ్ అన్నీ ఉన్నవి ఉన్నట్టే రావాలి. కాపీకి చోటు ఉందో లేదో ముందే "సుడో డీయూ -ఎస్‌హెచ్ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్" తో చూసుకోండి, లేకపోతే బయటి డిస్క్ మీదకో ఇంకో మెషిన్ మీదకో పంపండి. మొత్తం డైరెక్టరీ కాపీ చేయాలి, మీ డేటాబేస్ పేరున్న ఫోల్డర్ ఒక్కటే తీస్తే సరిపోదు. 8.0 నుంచి టేబుళ్ళ వివరాలన్నీ మైఎస్‌క్యూఎల్.ఐబీడీ అనే ఒకే ఫైల్‌లో ఉండే డేటా డిక్షనరీలోకి వెళ్ళిపోయాయి, పాత వెర్షన్లలో ప్రతి టేబుల్‌కీ ఉండే ఎఫ్‌ఆర్‌ఎం ఫైళ్ళు ఇప్పుడు లేవు. అదే డైరెక్టరీలో ఉండే ఐబీడేటా1, అన్‌డూ ఫైళ్ళు, రీడూ లాగ్ అన్నీ కలిసి ఉంటేనే ఆ కాపీకి అర్థం.

ఈ అడుగు దాటేయాలనిపిస్తుంది, ముఖ్యంగా సైట్ డౌన్ అయి పైనుంచి ఫోన్లు వస్తున్నప్పుడు. దాటేయకండి. కింద చెప్పే పనుల్లో కొన్ని వెనక్కి తిప్పుకోలేనివి.

ఏ స్థితిలో ఉందో చూడటం

"డీపీకేజీ -ఎల్ | గ్రెప్ -ఇ మైఎస్‌క్యూఎల్ -ఇ మరియాడీబీ" కొట్టండి. లైన్ మొదట్లో రెండు అక్షరాలు ఉంటాయి. రెండూ చిన్న ఐ అయితే అంతా సవ్యంగా ఉన్నట్టు. చిన్న ఐ పక్కన పెద్ద ఎఫ్ ఉంటే సగమే కాన్ఫిగర్ అయింది, పెద్ద యూ ఉంటే విప్పారు కానీ కాన్ఫిగర్ చేయలేదు. ఆర్, సీ కనిపిస్తే ప్యాకేజీ తీసేశారు కానీ కాన్ఫిగ్ ఫైళ్ళు మిగిలాయి. ఒకే లిస్ట్‌లో మైఎస్‌క్యూఎల్ సర్వర్, మరియాడీబీ సర్వర్ రెండింటి ఆనవాళ్ళూ కనిపిస్తే అక్కడ కాస్త ఆగండి, దాని గురించి విడిగా చెబుతాను.

సగమే కాన్ఫిగర్ అయిన వాటిని పూర్తిచేయమని అడగడానికి రెండు కమాండ్లున్నాయి:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ
సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

అప్‌డేట్ మధ్యలో కరెంట్ పోయిందనో, ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ తెగిందనో అయితే ఈ రెండూ కొడితే చాలాసార్లు అక్కడితో కథ అయిపోతుంది. అవ్వకపోతే వీటిని మళ్ళీ మళ్ళీ కొట్టి లాభం లేదు. "లాక్ దొరకలేదు, లాక్-ఫ్రంట్‌ఎండ్" అని వస్తే వెనకాల ఇంకో ఆప్ట్ నడుస్తోందని, ఎక్కువగా అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ అయి ఉంటుంది. అది అయ్యేదాకా ఆగండి. లాక్ ఫైల్‌ని డిలీట్ చేయమని సలహాలు కనిపిస్తాయి, వినకండి. రెండు ఆప్ట్‌లు ఒకేసారి ప్యాకేజీ డేటాబేస్ మీద పడితే ఇంకో కొత్త సమస్య తగులుకుంటుంది.

లాగ్ చదవడం

రెండు చోట్ల చూడాలి:

సుడో టెయిల్ -ఎన్ 100 /వార్/లాగ్/మైఎస్‌క్యూఎల్/ఎర్రర్.లాగ్
సుడో జర్నల్‌సీటీఎల్ -యూ మైఎస్‌క్యూఎల్ --నో-పేజర్ -ఎన్ 100

మొదటిది సర్వర్ రాసుకున్నది, రెండోది సిస్టమ్‌డీ చూసినది. సర్వర్ లాగ్ తెరిచేంత దూరం కూడా రాకుండా చచ్చిపోతే మొదటి దాంట్లో కొత్తగా ఏమీ ఉండదు, అప్పుడు రెండోదే దిక్కు. లాగ్‌లో కింద నుంచి పైకి కాకుండా, చివరిసారి స్టార్ట్ అయిన టైమ్ వెతికి అక్కడి నుంచి కిందికి చదవండి, "ఎర్రర్" అని ఉన్న మొదటి లైన్ పట్టుకోండి. చివర కనిపించే "అబార్టింగ్" అనే లైన్‌తో పనిలేదు, అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మొదటి ఎర్రరే అసలు కారణం, మిగతావన్నీ దాని వెంట వచ్చినవి.

క్లయింట్ నుంచి కనెక్ట్ అవ్వబోతే ఎర్రర్ 2002 వస్తుంటే దాని చివర బ్రాకెట్లో ఉన్న అంకె చూడండి. 2 అంటే సాకెట్ ఫైలే (అదే మెషిన్‌లో సర్వర్‌కి కనెక్ట్ అయ్యే ఫైల్) లేదు, సర్వర్ నడవట్లేదు లేదా సాకెట్ వేరే చోట పెట్టింది. 13 అంటే పర్మిషన్ లేదు. 111 అంటే ఫైల్ ఉంది కానీ అటువైపు ఎవరూ వినట్లేదు. చిన్న అంకెలే కానీ చాలా టైమ్ మిగులుస్తాయి.

తరచూ దొరికే కారణాలు

డిస్క్. మొదట చూడాల్సింది ఇదే, లాగ్ కంటే ముందు చూసినా తప్పులేదు. "డీఎఫ్ -హెచ్" తో పాటు "డీఎఫ్ -ఐ" కూడా కొట్టండి, ఎందుకంటే చోటు ఉండి కూడా ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున ఉండే ఎంట్రీలు) అయిపోయి ఉండొచ్చు. ఖాళీ చేయాలంటే "సుడో ఆప్ట్ క్లీన్", "సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎమ్" (ఎమ్ పెద్ద అక్షరం) తో మొదలుపెట్టండి, తర్వాత పాత లాగ్‌లు, పాత బ్యాకప్‌లు. డేటా డైరెక్టరీలో బిన్‌లాగ్ పేరుతో ఉన్న ఫైళ్ళు (డేటాలో జరిగిన మార్పుల రికార్డు) జీబీలకి జీబీలు ఉండటం చూసి వాటిని చేత్తో డిలీట్ చేయాలనిపిస్తుంది. వద్దు, ఇండెక్స్ ఫైల్‌లో వాటి పేర్లు ఉంటాయి. సర్వర్ లేచాక "పర్జ్ బైనరీ లాగ్స్" కమాండ్‌తో తీయండి, బిన్‌లాగ్_ఎక్స్‌పైర్_లాగ్స్_సెకండ్స్ తగ్గించుకోండి. దాని డిఫాల్ట్ 2592000 సెకన్లు, అంటే 30 రోజులు, చిన్న డిస్క్ ఉన్న సర్వర్‌కి అది ఎక్కువే.

మెమరీ. చిన్న వర్చువల్ సర్వర్లలో ఇది మామూలే. "సుడో డీమెసేజ్ -టీ | గ్రెప్ -ఐ కిల్డ్" కొడితే (డీమెసేజ్ స్పెల్లింగ్‌లో అచ్చులు ఉన్నది ఒక్కటే, డీ-ఎమ్-ఈ-ఎస్-జీ, టీ పెద్ద అక్షరం) కెర్నల్ మైఎస్‌క్యూఎల్‌డీని చంపిందేమో తెలుస్తుంది. లాగ్‌లో బఫర్ పూల్‌కి మెమరీ దొరకలేదని ఉంటే కాన్ఫిగ్‌లో ఇన్నోడీబీ_బఫర్_పూల్_సైజ్ ఎంత పెట్టారో చూడండి. డిఫాల్ట్ 128 ఎంబీ. పెద్ద సర్వర్ కాన్ఫిగ్‌ని తెచ్చి చిన్న సర్వర్‌లో పెట్టినప్పుడు ఇలా అవుతుంది.

పోర్ట్. "సుడో ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్‌పీ | గ్రెప్ 3306". అక్కడ మైఎస్‌క్యూఎల్‌డీ కాకుండా ఇంకేదైనా కూర్చుని ఉంటే, డాకర్ కంటైనర్ కావచ్చు, ఎక్జాంప్‌తో వచ్చిన ఇంకో సర్వర్ కావచ్చు, ముందు దాన్ని ఆపండి లేదా ఒకదాని పోర్ట్ మార్చండి.

కాన్ఫిగ్‌లో పాత ఆప్షన్లు. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే 5.7 నుంచి 8.0కి వచ్చినప్పుడు బాగా దెబ్బకొట్టేది ఇదే. సర్వర్‌కి తెలియని ఆప్షన్ కాన్ఫిగ్‌లో ఒక్కటి కనిపించినా అది లేవడానికి ఒప్పుకోదు. క్వెరీ_క్యాష్_సైజ్, క్వెరీ_క్యాష్_టైప్ 8.0లో పూర్తిగా తీసేశారు. ఇన్నోడీబీ_ఫైల్_ఫార్మాట్ కూడా పోయింది. ఎస్‌క్యూఎల్_మోడ్‌లో నో_ఆటో_క్రియేట్_యూజర్ అని ఉంటే అదీ చెల్లదు. 8.0 నుంచి 8.4కి వెళ్తే ఇంకో విడత: డిఫాల్ట్_ఆథెంటికేషన్_ప్లగిన్, ఎక్స్‌పైర్_లాగ్స్_డేస్ రెండూ లేవు. ఒక్కొక్కటే తీసి స్టార్ట్ చేసి చూసే బదులు 8.0.16 నుంచి వచ్చిన సౌకర్యం వాడండి:

సుడో మైఎస్‌క్యూఎల్‌డీ --వాలిడేట్-కాన్ఫిగ్ --యూజర్=మైఎస్‌క్యూఎల్

సర్వర్‌ని స్టార్ట్ చేయకుండానే కాన్ఫిగ్‌లో తప్పేంటో చెబుతుంది, ఏమీ చెప్పకపోతే అంతా బాగున్నట్టే. సరిచేయాల్సిన లైన్ ఎక్కడుందో తెలియకపోతే "గ్రెప్ -ఆర్ఎన్ క్వెరీ_క్యాష్ /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్" లాగా వెతకండి, ఎందుకంటే కాన్ఫిగ్ ఒకే ఫైల్‌లో ఉండదు, కాన్ఫ్.డీ, మైఎస్‌క్యూఎల్.కాన్ఫ్.డీ ఫోల్డర్లలో ముక్కలుగా ఉంటుంది. ఇంకో విచిత్రం: ఎవరో విసుగొచ్చి కాన్ఫిగ్ ఫైల్‌కి 777 పర్మిషన్ ఇచ్చేస్తే మైఎస్‌క్యూఎల్ ఆ ఫైల్‌ని అసలు చదవదు, "వరల్డ్-రైటబుల్" అని ఒక వార్నింగ్ రాసి పక్కన పెడుతుంది. మీరు అందులో ఎన్ని మార్పులు చేసినా ఏమీ మారనట్టు కనిపిస్తుంది. 644 పెట్టండి, సరిపోతుంది.

పర్మిషన్లు. వేరే చోటి నుంచి డేటా కాపీ చేసి తెచ్చినప్పుడు ఫైళ్ళు రూట్ పేరు మీద ఉండిపోతాయి. "సుడో చోన్ -ఆర్ మైఎస్‌క్యూఎల్:మైఎస్‌క్యూఎల్ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్" (చోన్ అంటే సీ-హెచ్-ఓ-డబ్ల్యూ-ఎన్, ఇక్కడ ఆర్ పెద్ద అక్షరం). ఓనర్ సరిగ్గా ఉన్నా పర్మిషన్ డినైడ్ అంటుంటే, అందులోనూ డేటా డైరెక్టరీని వేరే డిస్క్‌కి మార్చి ఉంటే, అది యాప్‌ఆర్మర్ పని. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్‌డీ ఏ ఫోల్డర్లని ముట్టుకోవచ్చో యాప్‌ఆర్మర్ ప్రొఫైల్‌లో రాసి ఉంటుంది, కొత్త చోటు అందులో లేకపోతే ఫైల్ పర్మిషన్లు ఎంత సరిగ్గా ఉన్నా రానివ్వదు. డీమెసేజ్‌లో "డినైడ్" అని వెతికితే బయటపడుతుంది. మెయిన్ ప్రొఫైల్‌ని మార్చకుండా /ఈటీసీ/యాప్‌ఆర్మర్.డీ/లోకల్/యూఎస్‌ఆర్.ఎస్‌బిన్.మైఎస్‌క్యూఎల్‌డీ ఫైల్‌లో కొత్త చోటు చేర్చి యాప్‌ఆర్మర్‌ని రీలోడ్ చేయండి. యాప్‌ఆర్మర్‌ని మొత్తంగా ఆపేయమనే సలహాని మాత్రం నేను ఇవ్వను, రెండు లైన్లు చేరిస్తే పోయేదానికి కాపలానే తీసేయడం ఎందుకు.

ఈటీసీ ఫోల్డర్ డిలీట్ చేసేసి ఉంటే

ఈ కేసు ఎంత తరచుగా వస్తుందంటే దీనికి విడిగా చోటివ్వాల్సిందే. ఎవరో "శుభ్రంగా మళ్ళీ పెడదాం" అనుకుని /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌ని తీసేస్తారు, తర్వాత ఇన్‌స్టాల్ చేస్తే "అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్: /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/మైఎస్‌క్యూఎల్.సీఎన్‌ఎఫ్ లేదు" అని ఎర్రర్. ఎన్నిసార్లు రీఇన్‌స్టాల్ చేసినా ఆ ఫైల్ తిరిగి రాదు. ఇది బగ్ కాదు. డెబియన్ పద్ధతిలో కాన్ఫిగ్ ఫైల్ మీ సొత్తు, మీరు దాన్ని డిలీట్ చేశారంటే అది మీ నిర్ణయమని డీపీకేజీ గౌరవిస్తుంది, అడగకుండా మళ్ళీ పెట్టదు. కావాలని అడగాలి:

సుడో ఆప్ట్ -ఓ డీపీకేజీ::ఆప్షన్స్::="--ఫోర్స్-కాన్ఫ్‌మిస్" ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ మైఎస్‌క్యూఎల్-కామన్ మైఎస్‌క్యూఎల్-సర్వర్-8.0

ఇక్కడ డీపీకేజీలో డీ, ఆప్షన్స్‌లో ఓ పెద్ద అక్షరాలు. ఏ ఫైల్ ఏ ప్యాకేజీకి చెందిందో అనుమానం ఉంటే "డీపీకేజీ -ఎస్" (పెద్ద ఎస్) పక్కన ఆ ఫైల్ పాత్ ఇస్తే చెబుతుంది. ఈ ఒక్క ఆప్షన్ తెలియక ఆపరేటింగ్ సిస్టమ్‌నే మళ్ళీ పెట్టుకునేవాళ్ళు ఉంటారు.

ఫ్రోజెన్ అని వస్తే

"మైఎస్‌క్యూఎల్ హ్యాజ్ బీన్ ఫ్రోజెన్" అనే మెసేజ్ చూసి భయపడకండి. ఇది ఆ ప్యాకేజీ మెయింటెయినర్లు మీ మంచికే పెట్టిన అడ్డుకట్ట. కొత్త వెర్షన్ రాసిన డేటా మీద పాత వెర్షన్ సర్వర్ పెట్టబోతున్నప్పుడు, లేదా డేటా మరియాడీబీది అని తెలిసినప్పుడు, సర్వర్‌ని స్టార్ట్ చేయకుండా ఆపేసి కారణాన్ని /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/ఫ్రోజెన్ ఫైల్‌లో (పేరంతా పెద్ద అక్షరాలు) రాస్తుంది. చదవండి. కారణం తీర్చాక ఆ ఫైల్‌ని తీసేసి "సుడో డీపీకేజీ-రీకాన్ఫిగర్ మైఎస్‌క్యూఎల్-సర్వర్-8.0" కొట్టాలి. కారణం తీర్చకుండా ఫైల్ మాత్రం తీసేస్తే కాపీ ఎందుకు తీయమన్నానో అప్పుడు అర్థమవుతుంది.

వెర్షన్ల లెక్క ఇలా ఉంటుంది. 5.7 డేటా మీద 8.0 నేరుగా పెట్టొచ్చు, 5.6 నుంచి ఒకేసారి 8.0కి దూకడం కుదరదు, మధ్యలో 5.7 ఆగాలి. 8.0 ఒకసారి లేచి డేటాని మార్చాక తిరిగి 5.7కి రావడం లేదు, పాత బ్యాకప్ ఉంటే తప్ప. అప్‌గ్రేడ్‌కి ముందు పాత సర్వర్ శుభ్రంగా ఆగి ఉండాలి. లాగ్‌లో "అప్‌గ్రేడ్ ఆఫ్టర్ ఎ క్రాష్ ఈజ్ నాట్ సపోర్టెడ్" అని ఉంటే పాత వెర్షన్‌ని మళ్ళీ పెట్టి, దానితో డేటాని ఒకసారి లేపి, ఇన్నోడీబీ_ఫాస్ట్_షట్‌డౌన్ 0 పెట్టి సరిగ్గా ఆపి, అప్పుడు కొత్తది పెట్టాలి. 8.0.16 నుంచి మైఎస్‌క్యూఎల్_అప్‌గ్రేడ్ కమాండ్ విడిగా కొట్టక్కర్లేదు, సర్వరే చూసుకుంటుంది.

మరియాడీబీ, మైఎస్‌క్యూఎల్ మధ్య అటూ ఇటూ మారడం గురించి పాత వ్యాసాల్లో "డ్రాప్-ఇన్" అని రాసి ఉంటుంది. 2009లో మరియాడీబీ విడిపోయిన తొలి ఏళ్ళలో అది నిజమే. 8.0 డేటా డైరెక్టరీని మరియాడీబీ ఇప్పుడు చదవలేదు, అటు నుంచి ఇటూ అంతే. డంప్ తీసి ఎక్కించడం ఒక్కటే దారి. ఒకటి తీసేసి రెండోది పెట్టినప్పుడు పాత డేటా కనిపించకపోతే కంగారుపడకుండా "ఎల్‌ఎస్ -డీ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్*" కొట్టండి, ప్యాకేజీ స్క్రిప్ట్ దాన్ని వెర్షన్ పేరుతో పక్కకి జరిపి ఉండొచ్చు.

లోయర్_కేస్_టేబుల్_నేమ్స్ అని ఎర్రర్ వస్తే అది ఇంకో రకం పేచీ: 8.0లో దాన్ని డేటా డైరెక్టరీ మొదట తయారైనప్పుడే పెట్టాలి, తర్వాత మార్చడానికి లేదు. కాన్ఫిగ్‌లో పాత విలువే పెట్టండి, లేస్తుంది.

డేటానే పాడైతే

లాగ్‌లో "పేజ్ కరప్షన్" అనో, ఇన్నోడీబీ (డేటాని దాచే మైఎస్‌క్యూఎల్ లోపలి ఇంజిన్) అసర్షన్ ఫెయిల్ అయిందనో వచ్చి సర్వర్ లేస్తూ పడుతూ ఉంటే అప్పుడు సమస్య నిజంగా పెద్దదే. ఇక్కడ చేయకూడనిది మొదట: ఐబీ_లాగ్‌ఫైల్ లేదా #ఇన్నోడీబీ_రీడూ ఫోల్డర్‌ని డిలీట్ చేయడం. పాత ఫోరం సలహాల్లో ఇది మంత్రంలా కనిపిస్తుంది. కమిట్ అయినా ఇంకా టేబుల్ ఫైళ్ళలోకి ఎక్కని మార్పులన్నీ ఆ లాగ్‌లోనే ఉంటాయి, తీసేస్తే అవి పోతాయి, మిగిలినవి ఒకదానికొకటి పొసగవు.

చేయాల్సింది: కాన్ఫిగ్‌లో మైఎస్‌క్యూఎల్‌డీ సెక్షన్ కింద ఇన్నోడీబీ_ఫోర్స్_రికవరీ = 1 పెట్టి స్టార్ట్ చేయండి. లేవకపోతే 2, తర్వాత 3. ఒక్కసారిగా 6కి వెళ్ళకండి. 3 వరకు నష్టం పరిమితంగానే ఉంటుంది, 4 నుంచి డేటా ఫైళ్ళు శాశ్వతంగా పాడయ్యే ప్రమాదం ఉంది, అందుకే ఆ స్థాయిల్లో ఇన్నోడీబీ రీడ్-ఓన్లీలోనే లేస్తుంది. 4 పెట్టాల్సి వస్తే కాపీ మీద పెట్టండి, అసలు దాని మీద కాదు. ఎలాగోలా లేచాక వెంటనే డంప్ తీయండి:

సుడో మైఎస్‌క్యూఎల్‌డంప్ --రొటీన్స్ --ఈవెంట్స్ --డేటాబేసెస్ మీ_డేటాబేస్ > డంప్.ఎస్‌క్యూఎల్

ఏదో ఒక టేబుల్ దగ్గర ఆగిపోతే --ఇగ్నోర్-టేబుల్ ఇచ్చి దాన్ని వదిలేసి మిగతావి తీయండి, వదిలేసిన టేబుల్‌ని తర్వాత ముక్కలుగా, ప్రైమరీ కీ పరిధులతో సెలెక్ట్ చేసి, ఎంత వస్తే అంత లాగొచ్చు. యూజర్ల వివరాలు "షో క్రియేట్ యూజర్", "షో గ్రాంట్స్" తో విడిగా రాసుకోండి. డంప్ పూర్తయిందో లేదో ఫైల్ చివరి లైన్ చూస్తే తెలుస్తుంది, "డంప్ కంప్లీటెడ్" అని ఉండాలి. ఈ రికవరీ సెట్టింగ్‌తోనే రోజూ పని నడిపేద్దాం అనుకోవద్దు, 0 కంటే ఎక్కువ ఉన్నంతసేపు ఇన్నోడీబీ ఇన్‌సర్ట్‌లు, అప్‌డేట్‌లు ఒప్పుకోదు ఎలాగూ.

మొత్తం తీసి మళ్ళీ పెట్టడం

పైవేవీ పనిచేయనప్పుడు, లేదా డంప్ చేతిలో ఉండి కొత్త డేటా డైరెక్టరీ కావాల్సినప్పుడు మాత్రమే ఇక్కడికి రండి. "ఆప్ట్ పర్జ్ మైఎస్‌క్యూఎల్*" అని నక్షత్రం పెట్టి కొట్టకండి. దాని వలలో ఏమేం పడతాయో ముందే ఊహించలేం, వాటి మీద ఆధారపడిన ఇంకేవో కూడా పోతాయి. డీపీకేజీ -ఎల్‌లో కనిపించిన పేర్లనే రాసి, ముందు -ఎస్ (చిన్న ఎస్) ఆప్షన్‌తో ఉత్తుత్తి రన్ చేసి లిస్ట్ చదవండి:

సుడో ఆప్ట్ -ఎస్ పర్జ్ మైఎస్‌క్యూఎల్-సర్వర్ మైఎస్‌క్యూఎల్-సర్వర్-8.0 మైఎస్‌క్యూఎల్-సర్వర్-కోర్-8.0

లిస్ట్ నచ్చితే -ఎస్ తీసేసి అసలు రన్. మధ్యలో డేటాబేస్‌లన్నీ తీసేయాలా అని అడగొచ్చు, "నో" అనండి, ఎందుకంటే మీకు కాపీ ఉన్నా సరే ఆ నిర్ణయం మీ చేత్తో తీసుకోవడం మేలు. తర్వాత /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్ ఇంకా ఉంటే "ఎంవీ" తో వేరే చోటికి, వార్ లిబ్ బయటికే జరపండి. అప్పుడు "సుడో ఆప్ట్ అప్‌డేట్", ఆపైన "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మైఎస్‌క్యూఎల్-సర్వర్". డేటా డైరెక్టరీ లేదని చూసి ప్యాకేజీ కొత్తది తయారుచేస్తుంది.

పర్జ్ కూడా పోస్ట్ఆర్‌ఎం స్క్రిప్ట్ దగ్గర ఆగిపోతే /వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో ఫోల్డర్‌లో ఆ స్క్రిప్ట్ ఉంటుంది, అది మామూలు షెల్ స్క్రిప్టే, తెరిచి ఏ లైన్ దగ్గర ఆగుతోందో చదవండి. ఎక్కువగా లేని ఫైల్‌ని వెతుకుతూ ఆగుతుంది, ఖాళీ ఫైల్ ఒకటి పెడితే ముందుకెళ్తుంది. స్క్రిప్ట్‌నే డిలీట్ చేయడం ఆఖరి మార్గం.

మూడో పార్టీ రిపాజిటరీ ఉందేమో "ఆప్ట్ పాలసీ మైఎస్‌క్యూఎల్-సర్వర్" తో చూసుకోండి. ఉబుంటు ఇచ్చేది ఒకటి, మైఎస్‌క్యూఎల్ సొంత రిపాజిటరీ ఇచ్చేది ఇంకొకటి రెండూ ఉంటే సగం అక్కడివి సగం ఇక్కడివి కలిసిపోయి డిపెండెన్సీలు చిక్కుపడతాయి. ఏదో ఒకటే ఉంచండి. "ఆప్ట్-మార్క్ షోహోల్డ్" లో ఏదైనా ప్యాకేజీ హోల్డ్‌లో ఉందేమో కూడా చూడండి.

రెడ్‌హ్యాట్, రాకీ, ఫెడోరా వాళ్ళకి

పద్ధతి ఒకటే, పేర్లు వేరు. సర్వీస్ పేరు మైఎస్‌క్యూఎల్‌డీ, లాగ్ ఎక్కడుందో ప్యాకేజీని బట్టి మారుతుంది, మైఎస్‌క్యూఎల్ సొంత ప్యాకేజీ అయితే /వార్/లాగ్/మైఎస్‌క్యూఎల్‌డీ.లాగ్, మొదటి రూట్ పాస్‌వర్డ్ కూడా అందులోనే "టెంపరరీ పాస్‌వర్డ్" అని ఉంటుంది. యాప్‌ఆర్మర్ బదులు ఇక్కడ ఎస్‌ఈలైనక్స్. డేటాని కాపీ చేసి తెచ్చాక "సుడో రీస్టోర్‌కాన్ -ఆర్‌వీ /వార్/లిబ్/మైఎస్‌క్యూఎల్" (ఆర్ పెద్దది) కొట్టడం మర్చిపోతే ఓనర్ సరిగ్గా ఉన్నా లేవదు. రెడ్‌హ్యాట్ 8 మీద మైఎస్‌క్యూఎల్ సొంత రిపాజిటరీ వాడుతుంటే "డీఎన్‌ఎఫ్ మాడ్యూల్ డిజేబుల్ మైఎస్‌క్యూఎల్" ముందు కొట్టాలి, లేకపోతే ప్యాకేజీ దొరకలేదంటుంది.

లేచాక చూడాల్సినవి

"సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ మైఎస్‌క్యూఎల్" పచ్చగా ఉండటం ఒక్కటే చాలదు. "సుడో డీపీకేజీ --ఆడిట్" ఏమీ చెప్పకూడదు, "సుడో ఆప్ట్-గెట్ చెక్" శుభ్రంగా రావాలి. "సుడో మైఎస్‌క్యూఎల్" తో లోపలికెళ్ళండి. ఉబుంటులో రూట్ యూజర్‌కి పాస్‌వర్డ్ కాకుండా ఆథ్_సాకెట్ ఉంటుంది, అందుకే సుడో లేకుండా వెళ్తే ఎర్రర్ 1698 వస్తుంది, అది ఇన్‌స్టలేషన్ పాడై కాదు. పాత డేటా తెచ్చుకుని రూట్ పాస్‌వర్డ్ గుర్తులేకపోతే /ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/డెబియన్.సీఎన్‌ఎఫ్‌లో డెబియన్-సిస్-మెయింట్ అనే యూజర్ వివరాలు ఉంటాయి, దానితో లోపలికెళ్ళొచ్చు, పాత డేటాతో పాటు పాత ఈటీసీ కాపీ కూడా ఉంటేనే ఆ పాస్‌వర్డ్ కలుస్తుంది.

మైఎస్‌క్యూఎల్అడ్మిన్ పింగ్ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి, పాస్‌వర్డ్ తప్పైనా సర్వర్ బతికుంటే అది సరే అనే చెబుతుంది. "సుడో మైఎస్‌క్యూఎల్‌చెక్ --ఆల్-డేటాబేసెస్" నడిపి, మీకు బాగా తెలిసిన ఒకటి రెండు టేబుళ్ళలో చివరి రికార్డులు ఏ తేదీవో చూడండి. ఫోర్స్ రికవరీ లైన్ కాన్ఫిగ్‌లో మిగిలిపోయిందేమో చూసి తీసేయండి. సర్వీస్ ఎనేబుల్ అయిందో "సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్ మైఎస్‌క్యూఎల్" తో చూసి, వీలైతే మెషిన్‌ని ఒకసారి రీబూట్ చేయండి. రీబూట్ తర్వాత కూడా దానంతట అదే లేచి, మీ అప్లికేషన్ కనెక్ట్ అయితే, రూట్ ఫోల్డర్‌లో పెట్టిన కాపీని ఇంకొన్నాళ్ళు ఉంచి, కొత్త బ్యాకప్ ఒకటి తీసి అది ఇంకో మెషిన్ మీద రీస్టోర్ అవుతుందని తేలాకే డిలీట్ చేయండి.